కుడి చక్రం పిన్ను

నా జ్ఞాపకశక్తిని ఎవరైనా శంకిస్తే నాకు ఒళ్లు మండేది. పదేళ్ల కిందట ఏ బండికి ఏ నంబరు బేరింగు వేశానో కాగితం చూడకుండా చెప్పగలను. మా ఆవిడ తాళంచెవులు ఎక్కడ పెట్టిందో ఆవిడకి గుర్తుండదు, నాకు గుర్తుంటుంది. ఈ మాట నలుగురిలో అంటే మా అక్క ఎగతాళి చేసేది, "వాడు పుట్టినప్పుడు మంత్రసాని ఏ రంగు చీర కట్టుకుందో కూడా చెబుతాడు, వినండి" అని. చేస్తే చేసింది. నోరు గలవాడిదే రాజ్యం అంటారు. మా ఇంట్లో నోరు నాది, షెడ్డులోనూ నాదే. చుట్టుపక్కల వాళ్లు నన్ను లౌడ్‌స్పీకర్ అని పిలిచేది అందుకే.

పోయిన నెలలో ఒక పొద్దున షెడ్డు ముందు ఒక పాత కారు వచ్చి ఆగింది. నడుపుకుంటూ వచ్చిన అమ్మాయిని పోల్చుకోలేదు గానీ కారుని చూడగానే పోల్చుకున్నాను. గుండ్రటి నెత్తి, ఉబ్బిన దీపాలు, మీగడ రంగు. ముందు బంపరు ఎడమ చివర సొట్ట తీసిన మచ్చ. అలాంటి కారు తలుపు వేస్తే వచ్చే చప్పుడు ఇప్పటి కార్లకి లేదు. ఇప్పటివి మూస్తే డబ్బా మూసినట్టుంటుంది. ఆ చప్పుడు విని చాలా ఏళ్లయింది, చేతిలో టీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"నేను హెడ్మాస్టరుగారి అమ్మాయినండి," అంది. ఎడమ కనుబొమ మధ్యలో సన్నటి గీత ఉంది. ఆ గీత ఎక్కడిదో నాకు తెలుసు.

"నాన్నగారు బాగున్నారామ్మా?"

"పోయిన ఏడాది పోయారు. కారు మా ఇంటి షెడ్డులోంచి తీయించాను. ఇంజను బాగానే ఉంది. నలభై దాటితే మాత్రం ముందు కుడివైపు నుంచి గుంయ్‌మని మూలుగుతోంది."

"ఎడమవైపు?"

"అటువైపు ఆ ప్రమాదం అయినప్పుడే మొత్తం కొత్తది వేయించారు, వేరేచోట. కుడివైపు ఎవరూ ముట్టుకోలేదు. దెబ్బ తగిలాక నాన్న పెద్దగా నడపలేదు. గుడ్డ కప్పి ఉంచేశారు."

"అప్పుడు పని చేసింది మా షెడ్డే. తెలిసే వచ్చావా?"

"తెలుసండి. ఆ మెకానిక్కులు ఇద్దరిలో తప్పు ఎవరిదో గానీ, ఇద్దరికీ పని వచ్చు అనేవారు నాన్న. ఇలాంటి కారు తెలిసినవాళ్లు ఇప్పుడు మీరొక్కరే ఉన్నారట."

"ఎవరిదో గానీ ఏముందమ్మా," అన్నాను. "తప్పు మా బావది. అందరికీ తెలిసిన సంగతే." అంత తేలిగ్గా అనేశాను. ఇరవై ఏడేళ్లుగా అంటూ వచ్చిన మాట, నోటికి అలవాటైపోయింది. కారు ఉంచి వెళ్లమన్నాను, మూడు రోజులు గడువు చెప్పాను.

ఈ షెడ్డు మా అక్క మామగారిది. నేను ఆయన్ని మామయ్యా అనే పిలిచేవాణ్ణి. రేకుల కప్పు, నూనె తాగి నల్లబడిన నేల, వెనక గోడకి అవతల వాళ్ల ఇల్లు. అక్క పెళ్లయిన ఏడాదికి నేను ఇక్కడ పనిలో చేరాను. బావా నేనూ చెరో చక్రం దగ్గరా కూర్చునేవాళ్లం. ఎడమవైపు నాది, కుడివైపు ఆయనది. నా స్పానర్లు ఎడమ గోడకి, ఆయనవి కుడి గోడకి. ఎవరు ముందు పూర్తి చేస్తారా అని పందెం. నేను మాట్లాడుతూ పని చేసేవాణ్ణి, ఆయన ఈల వేస్తూ. మధ్యాహ్నం గోడ మీదుగా అక్క కేకేసేది, "భోజనానికి రండి, మోచేతుల దాకా కడుక్కోకపోతే గుమ్మం దాటనివ్వను" అని. రంపపు పొట్టుతో, సబ్బుతో తోముకుని వెళ్లేవాళ్లం. అయినా అక్క మా గోళ్లు చూసి మళ్లీ వెనక్కి పంపేది. ఆ రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఆ గ్రీజు వాసనే ముందు గుర్తొస్తుంది, తర్వాతే మనుషులు.

మామయ్య పెట్టిన నియమం ఒకటుండేది. అది ఇంకే షెడ్డులోనూ లేదు. కారు ముందు చక్రం మధ్యలో హబ్బు అని ఇనప గిన్నె లాంటిది ఉంటుంది. అందులో రెండు బేరింగులు, లోపలొకటి, బయటొకటి. వాటి మీద నట్టు బిగిస్తాం. ఆ నట్టు వెనక్కి తిరిగి ఊడిపోకుండా అడ్డంగా ఒక పిన్ను గుచ్చుతాం. వేలెడు పొడుగు కూడా ఉండదు. పిన్ను గుచ్చాక పైన మూత కొడతాం. మామయ్య ఏమనేవాడంటే, "బిగించినవాడు పిన్ను పెట్టకూడదురా. తన తప్పు తన కంటికి ఆనదు." కాబట్టి నేను బిగించిన చక్రాన్ని బావ వచ్చి తిప్పి చూసి, ఊపి చూసి, పిన్ను పెట్టి మూత కొట్టాలి. ఆయన బిగించినదానికి నేను. మూత మీద ఎర్ర రంగు చుక్క పెడితే మా షెడ్డు పని అయిపోయినట్టు.

హెడ్మాస్టరుగారి కారుకి మేం రెండు చక్రాలకీ బేరింగులు మార్చిన రోజే మా అమ్మాయి పుట్టింది. మూడో రోజు ఆ కారు ఒక దిగుడులో వెళుతుండగా ముందు ఎడమ చక్రం ఊడి పక్కన పరిగెత్తింది. కారు పక్క గోతిలోకి ఒరిగింది. హెడ్మాస్టరుగారి కాలు విరిగింది, బతికినన్నాళ్లూ కుంటుతూనే నడిచారు. వెనక సీట్లో ఉన్న పిల్లకి కనుబొమ చిట్లింది. ఎవరూ చావలేదు, అది మా అదృష్టం. ఊడిన చక్రం దగ్గర పిన్ను ముక్క కూడా లేదు, ఇరుసుకి గుచ్చిన గీత కూడా లేదు. అంటే అసలు పెట్టనే లేదు.

ఎడమ చక్రం ఎప్పుడూ నేనే బిగిస్తాను. కాబట్టి పిన్ను బావ పెట్టాలి. ఇందులో ఆలోచించడానికేముంది? షెడ్డు మధ్యలో నిలబడి అరిచాను. "నేను ఎడమది బిగించాను, కుడిదానికి పిన్ను పెట్టాను, మూత కొట్టాను, అప్పుడు ఆసుపత్రి నుంచి కబురొచ్చింది, వెళ్లాను. ఎడమదానికి పిన్ను పెట్టాల్సింది ఎవరు?" బావ చాలాసేపు తన చేతుల వంక చూసుకున్నాడు. "నేను పెట్టినట్టే గుర్తురా," అన్నాడు. అంతే, ఒక్కసారే. నేను ఇంకా పెద్దగా అరిచాను. మామయ్య కొడుకునే తిట్టాడు. అక్క కూడా నా పక్కనే నిలబడింది, వాడికి అన్నీ గుర్తుంటాయి అంది. వారం తిరిగేసరికి బావ, "నువ్వు అంత గట్టిగా అంటున్నావంటే నిజమే అయ్యుంటుంది. నేనే మర్చిపోయి ఉంటాను" అన్నాడు.

ఆ తర్వాత ఆయన స్పానరు ముట్టుకోలేదు. బస్సుల డిపోలో స్టోరు గుమాస్తాగా చేరాడు. కిటికీ వెనక కూర్చుని బేరింగులు డబ్బాల్లోంచి తీసి ఇచ్చేవాడు, సంతకం పెట్టించుకునేవాడు. అవి ఎవరు ఎలా బిగిస్తారో చూడ్డానికి కూడా లేచి వెళ్లేవాడు కాదట. స్కూటరు అమ్మేశాడు. ఇంట్లో తాళం వేసి వీధి చివరిదాకా వెళ్లి మళ్లీ వెనక్కొచ్చి లాగి చూసేవాడు. అక్క అది చెప్పి నవ్వేది, నేనూ నవ్వేవాణ్ణి.

నేనేం చేశానో కూడా చెప్పేస్తాను, దాచడం దేనికి. మా అమ్మాయి పెళ్లిలో బంధువులందరి ముందూ బావ భుజం మీద చెయ్యేసి, "అయిందేదో అయిపోయింది బావా, నేను మనసులో పెట్టుకోలేదు" అన్నాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. ఆయన తల వంచుకుని, "నీది పెద్ద మనసురా" అన్నాడు. ఆ రాత్రి నేను హాయిగా నిద్రపోయాను.

సరే, కారు సంగతికి వస్తాను. మొదటి రోజు కొత్త బేరింగుల కోసం తిరగడంతోనే సరిపోయింది. ఆ నంబరు ఇప్పుడెవరూ తయారు చెయ్యడం లేదు. చివరికి ఒక పాత సామాన్ల కొట్టు అటకమీద, మైనపు కాగితం కూడా విప్పని జత ఒకటి దొరికింది. కొత్త బేరింగుకి బయట ఉక్కు కప్పు ఒకటి ఉంటుంది, అది హబ్బులో బిగుతుగా కూర్చోవాలి. చల్లబడితే కాస్త ముడుచుకుంటుంది కాబట్టి ఆ కప్పుల్ని ఫ్రిజ్‌లో పెట్టాను. మా ఆవిడ ఐసు కోసం చెయ్యి పెట్టి బేరింగు బయటికి తీసింది. "పెళ్లయి ముప్పై ఏళ్లయింది, ఫ్రిజ్‌లో ఏనాడూ ఒక పువ్వు చూడలేదు నేను," అంది.

రెండో రోజు కారు జాకీ మీద ఎత్తాను. కుడి చక్రం చేత్తో తిప్పి, స్క్రూడ్రైవరు కొన ఇరుసుకి ఆనించి పిడి చెవికి పెట్టుకున్నాను. లోపల గరగరమంటోంది. చక్రం ఊడదీశాను. మూత మీద మట్టి తుడిస్తే ఎర్ర చుక్క కనపడింది. మా చుక్కే, చెక్కుచెదరలేదు. దాన్ని చూసి సంతోషమే కలిగింది నాకు. ఇరవై ఏడేళ్లు నిలిచింది చూశావా, అదీ మన పని అనుకున్నాను. సన్నటి ఉలితో మూత చుట్టూ తట్టి లాగాను. ఎండి గట్టిపడ్డ గ్రీజుని గుడ్డతో తుడిచాను. పిన్ను కనపడింది.

పిన్నుకి రెండు కాళ్లుంటాయి. గుచ్చాక వాటిని వంచాలి. నేను రెంటినీ చెరోవైపుకీ విరిచేస్తాను, అంతే, పని అయిపోతుంది. బావ అలా కాదు. ఒక కాలు నట్టు మీదికి వంచుతాడు. రెండోదాన్ని పొట్టిగా కత్తిరించి, ముక్కు పట్కారుతో చిన్న చుట్ట చుడతాడు. "రేపు దీన్ని విప్పేవాడికి వేలు గుచ్చుకోకూడదు కదరా," అనేవాడు. దానికి ఆయనకి రెండు నిమిషాలు ఎక్కువ పట్టేది, నేను పందెం గెలిచేది అక్కడే.

కుడి చక్రంలో ఉన్న పిన్నుకి చుట్ట ఉంది.

నేల మీద కూర్చుని లెక్కేసుకున్నాను. లెక్క చిన్నపిల్లలు కూడా చెయ్యగలిగిందే. కుడి చక్రానికి పిన్ను బావ పెట్టాడంటే, కుడి చక్రం బిగించింది నేను. కుడిది నేను బిగించానంటే, ఎడమది ఆయన బిగించాడు. ఎడమదానికి పిన్ను పెట్టాల్సింది నేను. కాని నేను తేలిగ్గా లొంగే రకాన్ని కాను. ఇంకెవరో విప్పి మళ్లీ పెట్టి ఉంటారు అనుకున్నాను. ఎర్ర చుక్క కదలకుండా ఎలా విప్పుతారు? ఆ రోజు నేనే సరదాకి చుట్ట చుట్టి ఉంటాను అనుకున్నాను. జన్మలో ఒక్కసారి చుట్టలేదు, నాకంత ఓపిక ఎక్కడిది? తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషిని నేను. ఆ పూట కుందేలు నా ముందు నాలుగు కాళ్ల మీద నిలబడింది, నేను ఇంకా మూడో కాలు దగ్గరే ఆగి లెక్కపెడుతున్నాను.

మధ్యాహ్నం భోజనం దగ్గర మా ఆవిణ్ణి అడిగాను. "అమ్మాయి పుట్టిన రోజు నేను ఆసుపత్రికి వచ్చి ఏం చెప్పాను?"

"గుర్తులేకేం? జన్మలో మర్చిపోను. పిల్లని చూడకుండా జాకీ గురించి మాట్లాడారు."

"జాకీ ఏంటి?"

"ఎడమవైపు జాకీ నూనె కారి దిగిపోతోందట. మీ మీద పడుతుందని మీ బావగారు మిమ్మల్ని లేపి తనవైపు కూర్చోబెట్టి, తను అటు కూర్చున్నారట. బావ బంగారం, బావ బంగారం అని నాలుగుసార్లు అన్నారు. పురిటి నొప్పులు పడింది నేను, బంగారం ఆయన. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది."

"మరి ఈ మాట అప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"పచ్చి బాలింతని. మీ గొడవేంటో నాకేం తెలుసు? ఏ చక్రం ఎవరిదో, ఏ పిన్ను ఎవరిదో. ఆనక ఎప్పుడైనా అడిగారా? మీరు అరుస్తుంటే పక్కనున్నవాళ్లకి ఉన్న సంగతి కూడా మర్చిపోవాలనిపిస్తుంది."

అప్పుడు వచ్చింది గుర్తు. అడక్కుండానే, ముక్క ముక్కగా వచ్చింది. కుడివైపు నాది బిగించేశాను. బావ బిగించిన ఎడమ చక్రం దగ్గరికి వచ్చి కూర్చున్నాను. చక్రం తిప్పాను, ఊపి చూశాను, బాగుంది. పిన్ను తీసి పెదాల మధ్య పెట్టుకున్నాను, చెయ్యి ఖాళీ కావాలని. పక్క కాగితాల కొట్టాయన గోడ మీద నుంచి తొంగిచూసి, "ఆడపిల్లయ్యా, ఫోనొచ్చింది, తల్లీ పిల్లా క్షేమం" అన్నాడు. నేను నోరు తెరిచి కేకేశాను. పిన్ను ఎటు పడిందో తెలియదు. మూత చేతిలో ఉంది. సుత్తితో రెండు దెబ్బలు కొట్టి, ఎర్ర చుక్క పెట్టి, బావని కౌగిలించుకుని పరిగెత్తాను. ఇన్నాళ్లూ ఆ కౌగిలింతా, ఆ పరుగూ మాత్రమే గుర్తున్నాయి నాకు. ప్రతి పుట్టినరోజుకీ మా అమ్మాయికి అదే కథ చెప్పాను.

మర్నాడు పని చేశాను. చెయ్యకపోతే పిచ్చెక్కేలా ఉంది. పాత కప్పుల్ని ఇత్తడి కడ్డీతో వెనక నుంచి తట్టి తట్టి బయటికి తీశాను. హబ్బు కిరోసిన్‌తో కడిగాను. ఫ్రిజ్‌లోంచి తెచ్చిన కప్పులు ఒక పక్కకి ఒరగకుండా చుట్టూ సమంగా దెబ్బలేసి దించాను. అడుక్కి వెళ్లి కూర్చున్నప్పుడు సుత్తి చప్పుడు మారుతుంది, అది వినాలి. అరచేతిలో గ్రీజు వేసుకుని, బేరింగు అంచుతో దాన్ని గీస్తూ గీస్తూ, లోపలి ఉక్కు గుళ్ల మధ్య నుంచి అవతలివైపుకి పొంగేదాకా నింపాను. గ్రీజు బయటికి కారకుండా ఆయిల్ సీలు కొట్టాను. హబ్బు ఇరుసు మీదికి ఎక్కించి, తిప్పుతూ నట్టు బిగించి, బరువెక్కగానే ఒక్క రవ్వ వెనక్కి వదిలాను. ఎంత వదలాలో పుస్తకాల్లో ఉండదు, మణికట్టుకి తెలియాలి. నాకు ఆ రవ్వ నేర్పింది మామయ్య కాదు, బావే. నా చేతి మీద చెయ్యేసి నేర్పాడు.

కొత్త పిన్ను పెట్టలేదు. మూత కొట్టలేదు. చెయ్యి కడుక్కుని, పాత పిన్నుని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకుని అక్క ఇంటికి బయల్దేరాను. హెడ్మాస్టరుగారి అమ్మాయికి కూడా చెప్పాలి. కాని ముందు చెప్పాల్సింది బావకి.

అక్క ముందు గదిలో కింద కూర్చుని చిక్కుళ్లు తుంచుతోంది. కిటికీ దగ్గర పేము కుర్చీలో బావ భూతద్దం పెట్టుకుని పేపరు చదువుతున్నాడు.

"ఏంట్రా చెప్పాపెట్టకుండా?" అంది అక్క. "ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది."

"నోరు మూసుకుని నిలబడ్డావంటే బాగాలేనట్టే. కూర్చో. మీ ఆవిడతో గొడవా?"

"లేదు."

"రెండు మాటలకి మించి రావడం లేదు వీడి నోట. ఏవండీ, వీడికి జ్వరమేమో చెయ్యి పెట్టి చూడండి."

బావ నవ్వాడు. దారి పొడుగునా ఎలా మొదలుపెట్టాలో నాలుగు రకాలుగా అనుకుని వచ్చాను, ఆ నాలుగూ వదిలేశాను. జేబులోంచి కాగితం తీసి విప్పి, పిన్నుని ఆయన పేపరు మీద పెట్టాను.

ఆయన దాన్ని వేళ్లతో తీసుకుని వెలుతురుకేసి తిప్పాడు. భూతద్దం అక్కర్లేకపోయింది. చుట్ట మీద బొటనవేలు పెట్టి నిమిరాడు. ముఖం ఎంత విప్పారిందో చెప్పలేను. ఆ ముఖం నేను చూసి చాలా ఏళ్లయింది.

"ఇది నాదిరా," అన్నాడు. "ఎక్కడిది?"

"హెడ్మాస్టరుగారి కారుది."

పిన్నుని వెంటనే పేపరు మీద పెట్టేశాడు. చెయ్యి లుంగీకి తుడుచుకున్నాడు. అక్క తల ఎత్తింది. "ఇప్పుడెందుకురా అది? ఇరవై ఏడేళ్ల కిందటి సంగతి. పడాల్సిందేదో ఆయన పడ్డారు. నువ్వే అన్నావు కదా పెళ్లిలో, మనసులో పెట్టుకోలేదని."

"కుడి చక్రంలో ఉంది బావా," అన్నాను.

ఆయన మోకాళ్ల మీద ఉన్న చేతుల్లో ముందు కుడిది కదిలింది, తర్వాత ఎడమది. లెక్క చూసుకుంటున్నాడు.

"కుడిదానికి పిన్ను నేను పెట్టానంటే," అన్నాడు మెల్లగా, "బిగించింది నువ్వు."

"నేనే. జాకీ కారుతోందని నువ్వు అటు కూర్చున్నావు. నన్ను లేపి ఇటు కూర్చోబెట్టావు."

"అయితే ఎడమది..."

"నువ్వు బిగించావు. పిన్ను నేను పెట్టాలి. నోట్లో పెట్టుకున్నాను. పిల్ల పుట్టిందని కేకేసి పారేసుకున్నాను. పెట్టకుండానే మూత కొట్టాను."

అక్క చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. "నీకన్నీ గుర్తుంటాయి కదరా," అంది. అరవలేదు. అరిచినా బాగుండేది. "నేను నీ మాట నమ్మాను. ఈయన మాట నమ్మలేదు. మీ చేతుల్లో నా పిల్లల ప్రాణాలు పెట్టలేను అని ఈయనతోనే అన్నాను. ఒక్కసారి కాదు, చాలాసార్లు అన్నాను. వాళ్లని స్కూటరు ఎక్కనివ్వలేదు. ఈయన స్కూటరు అమ్మేసుకున్నది అందుకే, నీకు తెలుసా? తాళం లాగి చూస్తుంటే నవ్వాను. నువ్వూ నవ్వావు."

"నాకు తెలియదక్కా."

"నాకూ తెలియదు," అంది. చిక్కుళ్ల పళ్లెం పక్కకి జరిపి బావ వైపు తిరిగింది, కాని ఆయన ముఖంలోకి చూడలేకపోయింది. ఆయన పాదాల మీదే చూపు పెట్టి కూర్చుంది.

బావ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్లారు. ఆయనకి కోపం వస్తే బాగుండునని నేను ఎదురుచూశాను. లేచి కొడితే ఒళ్లప్పగించేవాణ్ణి.

"నాకు డెబ్బై రెండేళ్లురా," అన్నాడు. "ఇప్పుడు తెచ్చావు ఈ మాట. దీన్ని నేనేం చేసుకోను?"

క్షమించమని అడుగుదామని వచ్చాను, ఆ మాట అడగడానికి కూడా సిగ్గేసింది. నేను పెళ్లిలో ఆయన్ని క్షమించాను చూడండి, అది గుర్తొచ్చి నేలలోకి కూరుకుపోవాలనిపించింది.

బావ కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు. "ఇంకోసారి చెప్పు," అన్నాడు.

"ఏది బావా?"

"ఇప్పుడు చెప్పావే, అదే. మళ్లీ చెప్పు."

"ఎడమ చక్రానికి పిన్ను నేను పెట్టాలి. నేను పెట్టలేదు. నీ తప్పు లేదు."

ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. కుర్చీ వెనక్కి ఆనుకున్నాడు. "మీ అక్కకి సరిగ్గా వినపడలేదేమో. ఇంకోసారి చెప్పు."

అక్కకి అంతా వినపడింది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. అది ఆయనకీ తెలుసు. నేను లేచి నిలబడ్డాను, షెడ్డు మధ్యలో ఆ రోజు నిలబడ్డట్టే. గొంతు ఎంత పెంచబోయినా పైకి రాలేదు. "పిన్ను నేను పెట్టలేదు. తప్పు నాది. బావ చేతుల్లో ఏ తప్పూ లేదు, ఏనాడూ లేదు," అన్నాను.

బావ తన రెండు చేతులూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. అక్క పాక్కుంటూ వచ్చి ఆ చేతులు పట్టుకుని తన తల మీద పెట్టుకుంది. ఆయన వెనక్కి తీసుకోలేదు.

నాలుగోసారి చెప్పమని ఆయన అడగలేదు. నేనే చెప్పాను.